వరదల సీజన్‌కి ముందు: గిట్ ప్యాక్ అందుకునే కోడ్‌కి జాగ్రత్తలు

కోనసీమలో వరదల రోజులొస్తున్నాయి. కరెంటు, నెట్ ఎప్పుడు పోతాయో చెప్పలేం. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్, డేటాని ప్యాక్ అనే మూటగా కట్టి పంపుతుంది. ఆ డేటా చదివే లైబ్రరీ రాస్తున్నవాళ్లు ఇవి చూసుకోండి.

• చెక్‌సమ్ (డేటా చెడలేదని సరిచూసే సంఖ్య) సరిపోయాకే బ్రాంచిని కొత్త కమిట్‌కి కదపండి. షా-1 హాష్ వాడే రిపోజిటరీల్లో ప్యాక్ చివరి 20 బైట్లు ఆ చెక్‌సమే. సగంలో తెగిన ప్యాక్‌ని నమ్మితే హిస్టరీకే చిల్లు. గిట్ కూడా 2.11 నుంచి పుష్‌లో వచ్చినవాటిని ముందు విడి డైరెక్టరీలోనే ఉంచుతోంది.

• చెక్‌సమ్ వేసేది పంపినవాడే. తెగిపోతే పట్టిస్తుంది గానీ దొంగబుద్ధిని పట్టించదు. వచ్చిన డేటా సరైన రూపంలో ఉందో చూసే గిట్ ఎఫ్‌ఎస్‌సీకే (fsck) తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయండి.

• హెడర్ చెప్పిన సైజు చూసి మెమరీ కేటాయించొద్దు. అబద్ధమైతే సర్వర్ కూర్చుంటుంది.

• మిగిలిపోయిన తాత్కాలిక ప్యాక్‌లు తుడవండి, డిస్క్ నిండిపోతుంది.

• టెస్టుకి, ఫెచ్ (డేటా తెచ్చుకోవడం) మధ్యలో రూటర్ ఆపేయండి. అమలాపురంలో ఆ పని కరెంటువాళ్లే చేసిపెడతారనుకోండి!