పాత వ్యాన్ ముందు యాక్సిల్, స్టీరింగ్: సమస్య - పరిష్కారం

స్టీరింగ్ వదులుగా ఉందనిపించగానే చాలామంది స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు అందించే గేరు పెట్టె) మీది అడ్జస్టింగ్ స్క్రూ బిగించేస్తారు. నిజానికి అది అన్నింటికన్నా చివర చేయవలసిన పని. చేతికి తెలిసే ప్లే, అంటే వదులు కదలిక, ఒక్కచోటి నుంచే రాదు. బాల్ జాయింట్లలో కొంత, కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్ను) బుష్‌లలో, అంటే దాని చుట్టూ ఉండే తొడుగుల్లో, కొంత, చక్రాల బేరింగ్‌లలో కొంత అరుగుదల కలిసి అంతవుతుంది. బాక్సు బిగిస్తే ఆ అరుగుదల మరుగున పడుతుందే గాని పోదు, పైగా మంచి బాక్సు కూడా పాడవుతుంది. ఇక్కడి వివరాలన్నీ దూలం యాక్సిల్ (రెండు ముందు చక్రాల మధ్య ఒకే దూలంలా ఉండేది), కింగ్‌పిన్లు, కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఉండి, పవర్ స్టీరింగ్ లేని పాత వ్యాన్లకు సంబంధించినవి.

చదునైన నేల మీద వ్యాన్ నిలిపి, వెనుక చక్రాలకు అడ్డు పెట్టాలి. ముందు భాగం ఎత్తినప్పుడు యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టకుండా, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు.

సమస్య: స్టీరింగ్ కొంత తిరిగాక గాని చక్రం కదలదు

ఈ పరీక్షకు వ్యాన్‌ను ఎత్తకూడదు, బరువు చక్రాల మీదే ఉండాలి. ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే, రెండోవారు కింద ప్రతి జాయింటు మీద వేలు ఆనించాలి. వేలు సగం జాయింటు గిన్నె మీద, సగం దాని పిన్ను బిగిసిన ఇనుప చేతి (ఆర్మ్) మీద పడేలా ఉంచితే, కంటికి కనిపించని కదలిక కూడా వేలికి టక్కుమని తగులుతుంది. డ్రాగ్ లింక్ (బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) రెండు చివరలు, టై రాడ్ (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ) ఎండ్‌లు, బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, అన్నీ ఇలాగే చూడాలి. బాక్సు బోల్టులు వదులై మొత్తం బాక్సే కదులుతుంటే, ఎన్ని జాయింట్లు మార్చినా ఫలితం ఉండదు.

అరిగిన ఎండ్ తీసేటప్పుడు పిన్ను బిగుసుకుపోయి రాకపోతే, ఆ ఇనుప చేతిలో పిన్ను దూరే కన్ను పక్క భాగానికి ఒకవైపు బరువైన సుత్తి ఆనించి రెండో వైపు ఇంకో సుత్తితో కొడితే వదులుతుంది. వేడి మాత్రం పెట్టకూడదు. పాత ఎండ్ ఎన్ని చుట్లు తిరిగి వచ్చిందో లెక్కపెట్టి కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తే అలైన్‌మెంట్ మరీ చెడదు. స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా దూర్చే చీలిక పిన్ను) రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకాస్త బిగించి కుదర్చాలి గాని వెనక్కి తిప్పకూడదు. తీసిన స్ప్లిట్ పిన్ మళ్లీ వాడకూడదు.

సమస్య: ఎత్తిన చక్రం పైకీ కిందికీ ఊగుతుంది

చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపాలి. ఊగితే అది బేరింగ్ లోపమో కింగ్‌పిన్ లోపమో తేల్చడానికి ఒక చిన్న ఉపాయముంది: లోపలి మనిషి బ్రేకు గట్టిగా తొక్కి పట్టినప్పుడు ఊపు మాయమైతే బేరింగ్ వదులుగా ఉన్నట్టు, అప్పటికీ ఊగుతుంటే కింగ్‌పిన్ అరిగినట్టు. బేరింగ్‌కైతే శుభ్రం చేసి, కొత్త గ్రీజు పెట్టి, మాన్యువల్ చెప్పిన విధంగా చక్రాన్ని తిప్పుతూ నట్టు సరిచేస్తే చాలు.

కింగ్‌పిన్ పని అంత తేలిక కాదు. లాక్ పిన్ తీసి కింగ్‌పిన్‌ను దించాక, పిన్‌తోపాటు బుష్‌లనూ మార్చాలి. పై బుష్, కింది బుష్ ఒకే గీతలో ఉండేలా పొడవాటి రీమర్‌తో (రంధ్రాన్ని లోపల చెక్కి కొలతకు తెచ్చే పనిముట్టుతో) రెండింటినీ కలిపి రీమ్ చేయించకపోతే కొత్త పిన్ బిగుసుకుపోతుంది. బుష్‌లోని గ్రీజు రంధ్రం, నకల్‌లోని (కింగ్‌పిన్ మీద తిరుగుతూ చక్రాన్ని మోసే భాగంలోని) గ్రీజు నిపుల్ రంధ్రం ఎదురెదురుగా ఉన్నాయో లేదో బుష్‌ను లోపలికి నొక్కేముందే చూసుకోవాలి. ఈ ఒక్కటి మరిచిపోయి మొత్తం పని రెండోసారి చేసినవాళ్లు తక్కువేమీ కాదు.

సమస్య: స్టీరింగ్ బరువుగా ఉంది, మలుపు తర్వాత దానంతటది తిరిగి రాదు

టైర్లలో గాలి సరిపోను ఉంటే, చక్రాలు ఎత్తి డ్రాగ్ లింక్ విప్పాలి. చక్రాలను చేత్తో తిప్పితే బిగువుగా ఉంటే లోపం కింగ్‌పిన్లలో ఉన్నట్టు, అవి తేలిగ్గా తిరిగి స్టీరింగే బిగువుగా ఉంటే బాక్సులోనో కాలమ్‌లోనో (స్టీరింగ్ కింది కడ్డీ ఉండే గొట్టంలోనో) ఉన్నట్టు. కింగ్‌పిన్లకు గ్రీజు కొట్టేటప్పుడు యాక్సిల్ ఎత్తి ఉంచాలి. బరువు నేల మీదుంటే థ్రస్ట్ బేరింగ్ (కింగ్‌పిన్ దగ్గర వ్యాన్ బరువు మోసే బేరింగ్) దగ్గర సందు మూసుకుపోయి గ్రీజు అక్కడికి చేరదు. కొత్త గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా కొట్టాలి.

సమస్య: ఒక పక్కకు లాగడం, ఒక వేగంలో వణుకు

లాగుతుంటే ముందు టైర్లను ఎడమ కుడి మార్చి చూడాలి. లాగే దిక్కు మారితే లోపం టైరుదే. మారకపోతే బ్రేకు పట్టేసి డ్రమ్ము వేడెక్కుతోందేమో, కమాను పట్టీల యు-బోల్టులు వదులై యాక్సిల్ జరిగిందేమో చూడాలి. వణుకు ముందుగా టైరు బ్యాలెన్స్ వల్ల, తర్వాతే పై అరుగుదలల వల్ల వస్తుంది. పట్టీల పని జరిగిన వెంటనే మొదలైతే, యాక్సిల్‌కూ పట్టీకీ మధ్య ఉండే ఏటవాలు పలకను తిరగేసి పెట్టి ఉండవచ్చు. టైరు మీద లోపలి నుంచి బయటికి చేయి రాసినప్పుడు అంచులు గీరుకుంటే టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి వంగి ఉండటం) ఎక్కువైనట్టు.

ఇవన్నీ సరిచేశాక కూడా ప్లే మిగిలితే, అప్పుడు బాక్సు. చక్రాలు ఎత్తి, స్టీరింగ్‌ను సరిగ్గా నడిమికి తెచ్చి, లాక్ నట్ వదులు చేసి స్క్రూను కొద్దికొద్దిగా బిగించాలి. ప్రతిసారీ ఈ కొస నుంచి ఆ కొసదాకా తిప్పి చూసి, నడిమిలో ఏమాత్రం పట్టేసినా కొంచెం వెనక్కి తిప్పి, అక్కడే లాక్ నట్ బిగించాలి.