పిల్లలతో బొమ్మలు – నాలుగవ పాఠం: వేళ్లతో చూసిన ఆకు

ఇంతవరకు జరిగిన మూడు పాఠాల్లో మనం గీతతోనే పని చేశాము. నేల మీద సుద్దముక్కతో బారెడు గీతలు గీయించాము, చుక్కల చుట్టూ మెలికల ముగ్గు తిప్పించాము, తడిపిన దారాన్ని కాగితం మీద పరచి దాని వంపులను చూపించాము. చెయ్యి జంకు లేకుండా కదలడమే వాటి ఉద్దేశం. ఈ పాఠంలో ఆ గీతను కళ్లెదుట ఉన్న వస్తువు వైపు తిప్పుతాము. ఆ వస్తువు ఆకు. ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలకు ఇది బాగా సరిపోతుంది. సుమారు గంటసేపు తీరిక ఉన్న రోజున మొదలుపెట్టండి.

ముందుగా ఏమీ చూపించకుండా, ఏమీ చెప్పకుండా, ఒక కాగితం ఇచ్చి ఆకు బొమ్మ వేయమనండి. దాదాపు ప్రతి పిల్లవాడూ రెండు వంపులు కలిపి, నడుమ ఒక నిలువు గీత గీసి, దానికి అటూ ఇటూ నాలుగైదు ఏటవాలు గీతలు పెడతాడు. అది వేపాకూ కాదు, రావాకూ కాదు. ఆకు అనే తలంపుకు వాడు పెట్టుకున్న గుర్తు. దాన్ని తప్పని అనకండి. పిల్లల చిత్రకళను దశలుగా వివరించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, సుమారు ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలు ప్రతి వస్తువుకూ ఒక స్థిరమైన రూపాన్ని కుదుర్చుకుని దాన్నే మళ్లీ మళ్లీ వాడతారని 1947లో రాశాడు. అది ఎదుగుదలలో భాగమే. అయితే ఆ గుర్తు పిల్లవాడు తనకు తానుగా కనుగొన్నదా, పెద్దలు చేతికిచ్చినదా అన్నది ముఖ్యం. రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, పక్కన ఇల్లు, కొబ్బరిచెట్టు, నాలుగు పక్షులు: మన బడుల్లో తరతరాలుగా సాగుతున్న ఈ బొమ్మను కొండ ఎన్నడూ చూడని పిల్లలు కూడా వేస్తున్నారంటే, వాళ్లు చూడటం ఆపి నకలు తీయడం నేర్చుకున్నారన్నమాట. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. ఆకు బొమ్మ వెనుక తేదీ వేసి పక్కన పెట్టండి. చివర్లో దానితో పని ఉంది.

ఇక ఆకులు. జామ, రావి, మందార, వేప, వెదురు చాలు. టేకు దొరికితే మరీ మంచిది. జిల్లేడు, గన్నేరు మాత్రం తేవద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు మొక్క మొత్తం విషమే. ఎండిన ఆకులు రుద్దితే పొడి అవుతాయి కాబట్టి ఆ పూట కోసినవే వాడండి.

ఒక ఆకును గుడ్డ సంచిలో వేసి, పిల్లవాడిని ఒక చెయ్యి లోపల పెట్టమనండి. రెండో చేతిలో పెన్సిల్ ఉండాలి. చూడకుండా, వేలికి తగిలినదాన్ని తగిలినట్టే కాగితం మీద గీయాలి. మీరు ప్రశ్నలు మాత్రమే అడగండి. అంచు నున్నగా ఉందా, రంపంలా ఉందా? కొన సూటిగా ముగిసిందా, తోకలా సాగిందా? తొడిమ దగ్గర రెండు పక్కలూ సమానంగా ఉన్నాయా? రావాకు పొడవాటి కొనను, వేపరెమ్మలోని చిన్న ఆకుల అడుగున ఒక పక్క కిందికి, ఒక పక్క పైకి ఉండటాన్ని వేళ్లు కన్ను కంటే ముందే పట్టుకుంటాయి. బొమ్మ వంకరటింకరగా వస్తుంది, రానివ్వండి. లోవెన్‌ఫెల్డ్ వియన్నాలో అంధ బాలలతో బొమ్మలు చేయించిన అనుభవంతోనే, స్పర్శ ద్వారా లోకాన్ని గ్రహించి రూపం కల్పించేవాళ్లు కూడా ఉంటారన్న ఆలోచనకు వచ్చాడు. మీ పిల్లల్లో కూడా చూసి వేసేటప్పుడు వెనుకబడి, తాకి వేసేటప్పుడు చకచకా సాగేవాళ్లు కనిపించవచ్చు.

తర్వాత ఆకును బయటికి తీసి రుద్దుడు బొమ్మ చేయించండి. ఈ పాఠానికి ఇదే ఆయువుపట్టు కనుక తొందరపడవద్దు. ఆకు వెనుక వైపు ఈనెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆ వైపు పైకి ఉండేలా గట్టి బల్ల మీద పెట్టి, పైన సన్నని కాగితం పరవాలి. డ్రాయింగ్ షీటు మందంగా ఉంటుంది కాబట్టి ఈనె దానిలోంచి తేలదు. మామూలు జిరాక్సు కాగితం చాలు. మైనపు రంగు కడ్డీకి ఉన్న కాగితం ఒలిచి, కొనతో కాకుండా కడ్డీని పడుకోబెట్టి రుద్దాలి. కాగితం జరిగితే గీతలు జంటలుగా పడతాయి కాబట్టి రెండో చేతి అరచేతితో అదిమి పట్టమనండి. మొదట తేలికగా, తర్వాత అంచుల దగ్గర కాస్త గట్టిగా. జర్మనీలో పుట్టిన చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో చెక్క నేల మీద కాగితం వేసి ఇలాగే రుద్ది, ఆ మచ్చల్లోంచి బొమ్మలు కట్టాడు. కాబట్టి ఇది చిన్నపిల్లల కాలక్షేపమని పెద్ద పిల్లలు తీసిపారేస్తే ఆ సంగతి చెప్పండి.

ఆకారం తేలాక, జామాకు పక్క ఈనెలు అంచు దాకా వెళ్లాయేమో వెతకమనండి. వెళ్లవు. అంచుకు కొంచెం ముందే వంగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. వెదురాకులో ఈనెలన్నీ పొడవునా పక్కపక్కనే సాగుతాయి. పాఠ్యపుస్తకంలో జాలాకారం, సమాంతరం అని వల్లె వేసిన సంగతి ఇక్కడ కాగితం మీద దానంతట అదే బయటపడుతుంది. ఈ మాటలు మీరు ముందుగా చెప్పకపోతేనే మేలు.

మూడో పని చూసి గీయడం. మరో తాజా ఆకును నడిమి ఈనె వెంబడి నిలువునా కత్తిరించి, సగాన్ని కాగితం మీద జిగురుతో అంటించి, రెండో సగాన్ని పిల్లవాడే గీసి పూర్తిచేయాలి. చూపు ఆకు అంచు మీద చీమ నడిచినంత నెమ్మదిగా కదలాలి, పెన్సిల్ కూడా అదే వేగంతో సాగాలి. రబ్బరు దాచేయండి. గీత తప్పితే పక్కనే ఇంకో గీత గీస్తే సరిపోతుంది. ఎంత వంకర పోతున్నా మీరు పెన్సిల్ అందుకుని దిద్దవద్దు. ఒక్కసారి దిద్దితే, తర్వాత ప్రతి గీతకూ పిల్లవాడు మీ ముఖం వైపు చూస్తాడు. ఐదారేళ్ల వాళ్లకు ఈ పని వద్దు, రుద్దుడు దగ్గర ఆపండి.

ఇప్పుడు పక్కన పెట్టిన మొదటి బొమ్మను తెచ్చి మిగిలినవాటితో కలిపి పరవండి. "బాగుంది" అనే మాటతో సరిపెట్టకండి. ఆ మాట విన్నాక పిల్లవాడికి ఆలోచించాల్సింది ఏమీ మిగలదు. మొదటి బొమ్మలో లేనిది ఏది ఇందులో ఉందో వాడినే చెప్పమనండి. వారం రోజుల్లో మరో మూడు రకాల ఆకులతో రుద్దుడు బొమ్మలు చేయించి, ఒక్కోదాని పక్కన అదే ఆకును చూసి గీయించండి.

ఐదవ పాఠంలో బంకమట్టితో పని చేస్తాము. చెరువుగట్టు నుంచి గానీ కుమ్మరి ఇంటి నుంచి గానీ పిల్లకొకటి చొప్పున కొబ్బరికాయంత ముద్ద తెచ్చి, రాళ్లు ఏరి, తడిగుడ్డ చుట్టి నీడలో ఉంచండి.