ఇంట్లో చేసే వింటికి వెదురు వీపు: ఎంపిక, కొలతలు

విల్లు వంగినప్పుడు గురివైపు ఉండే వీపు సాగుతుంది, విలుకాడి వైపు ఉండే పొట్ట నలుగుతుంది. అందుకే వీపుకు అతికించే బద్దకు, బయటి పొరలో పీచు దట్టంగా ఉండే, ముదిరి బాగా ఎండిన వెదురును మించినది లేదని నా అభిప్రాయం. దానిని లోపలివైపు మాత్రమే చిత్రిక పట్టాలి. అందం కోసం బయటి కణుపులను చెక్కితే, పీచు తెగిన చోటే విల్లు విరుగుతుంది.

నారిని 28 అంగుళాలు లాగేవారికి వింటికి 66 నుంచి 68 అంగుళాల పొడవు, 38 మిల్లీమీటర్ల వెడల్పు సరిపోతాయి. బద్ద మందం మధ్యలో 3, కొసల్లో 1.5 మిల్లీమీటర్లు చాలు. మందమైన వెదురు మెత్తని పొట్టను నలిపేస్తే, అక్కడ గోటికి తగిలే సన్నని అడ్డమడతలు పడతాయి. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది, వెడల్పు రెట్టింపైతే రెండు రెట్లే. కాబట్టి పొట్టను కొద్దికొద్దిగా, వంచి చూసుకుంటూ గీకాలి.