ఏ ప్లస్ పరీక్షకు దరఖాస్తు విధానం: వేరే రంగం నుంచి ఐటీలోకి వచ్చేవారికి

వేరే పని చేస్తూ ఐటీలోకి మారాలనుకునేవారికి కాంప్‌టియా అనే సంస్థ ఇచ్చే ఏ ప్లస్ సర్టిఫికెట్ మంచి మొదటి మెట్టు. హెల్ప్‌డెస్క్, డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాలకు ఇది పనికొస్తుంది. డిగ్రీ అడగరు. ఏడాది అనుభవం ఉంటే మేలని సంస్థ చెబుతుంది, కానీ అది సలహాయే తప్ప నిబంధన కాదు. నెలల తరబడి చదివినవారు కూడా దరఖాస్తులో జరిగిన చిన్న పొరపాటుకు పరీక్ష ఫీజు మొత్తం పోగొట్టుకోవచ్చు. అందుకే ఆ పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో వివరంగా చెబుతున్నాం.

ముందు గుర్తుంచుకోవాల్సింది, పరీక్షలు రెండు: కోర్ 1, కోర్ 2. రెంటికీ ఫీజు విడివిడిగా కట్టాలి, తేదీ విడివిడిగా తీసుకోవాలి. 2025 మార్చిలో వచ్చిన సిరీస్‌లో వాటి కోడ్‌లు 220-1201, 220-1202. పాత 1101, 1102 పరీక్షలను అదే ఏడాది సెప్టెంబరులో ఆపేశారు. ఒక సిరీస్‌లో కోర్ 1, ఇంకో సిరీస్‌లో కోర్ 2 పాసైతే సర్టిఫికెట్ రాదు. పుస్తకం, వీడియో పాఠాలు, మాదిరి ప్రశ్నలు ఏవి కొన్నా వాటి మీద కోడ్ చూసి కొనండి.

మొదటి పని కాంప్‌టియా ఖాతా తెరవడం. ఇక్కడ సొంత ఈమెయిలే ఇవ్వండి. ఆఫీసు లేదా కాలేజీ ఈమెయిల్ ఇస్తే అక్కడి నుంచి బయటికి వచ్చాక లాగిన్ పోతుంది. అప్పుడు రెండో ఖాతా తెరిస్తే కోర్ 1 ఫలితం ఒకచోట, కోర్ 2 ఫలితం మరోచోట ఉండిపోతాయి. ఖాతాలు కలిపించుకునేదాకా సర్టిఫికెట్ ఆగిపోతుంది.

పేరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పరీక్ష రోజున మీరు చూపించే ప్రభుత్వ గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఖాతాలోనూ ఉండాలి. కార్డులో ఇనీషియల్ ఉంటే ఇనీషియలే, పూర్తి ఇంటిపేరు ఉంటే పూర్తి ఇంటిపేరే రాయండి. తేడా ఉంటే లోపలికి రానివ్వకపోవచ్చు, ఫీజూ వెనక్కి రాదు. తప్పు కనబడితే పరీక్ష రోజుదాకా ఆగకుండా ముందే దిద్దించుకోండి.

తర్వాత వోచర్. ఫీజు కట్టినట్టు చూపే కోడ్ ఇది. దేశాన్నిబట్టి ధర మారుతుంది, ఒక దేశానికి ఇచ్చిన వోచర్ మరో దేశంలో చెల్లదు. అందుకే తక్కువ ధరకు ఎవరో అమ్ముతున్నారని తొందరపడొద్దు. దాని మీద గడువు తేదీ ఉంటుంది, పరీక్ష ఆలోపే రాసేయాలి. మా సలహా ఏమిటంటే, చదువు మొదలుపెట్టిన రోజే వోచర్ కొనకండి. మాదిరి పరీక్షల్లో నిలకడగా మంచి మార్కులు వస్తున్నప్పుడు కోర్ 1 వోచర్ ఒక్కటే కొని తేదీ తీసుకోండి.

తేదీని, ఈ పరీక్షలను నిర్వహించే పియర్సన్ వీయూఈ సంస్థ సైట్‌లో తీసుకోవాలి. పరీక్షా కేంద్రానికి వెళ్లొచ్చు, లేదా ఇంటి నుంచి ఆన్‌వ్యూ (కెమెరాలో పర్యవేక్షకుడు చూస్తుండగా ఆన్‌లైన్‌లో రాసే పద్ధతి) ద్వారా రాయొచ్చు. కేంద్రం అందుబాటులో ఉంటే మొదటిసారి అక్కడే రాయడం మంచిది. ఇంటి నుంచి రాస్తే గది నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి. బల్ల మీద కాగితాలు ఉండకూడదు, రెండో మానిటర్ ఉండకూడదు, ఫోన్ చేతికి అందకూడదు. ప్రశ్నను పెదవులు కదుపుతూ చదువుకున్నా, కెమెరా నుంచి పక్కకు జరిగినా పరీక్ష ఆపేసే అధికారం పర్యవేక్షకుడికి ఉంది. మీ కంప్యూటర్, ఇంటర్నెట్ పరీక్షకు సరిపోతాయో లేదో చూసే సిస్టమ్ టెస్ట్‌ను పరీక్ష రాయబోయే కంప్యూటర్‌లో, అదే గదిలో, అదే ఇంటర్నెట్‌తో చేసి చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్ వాడొద్దు. అందులో భద్రత కోసం పెట్టిన ఫైర్‌వాల్, వీపీఎన్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకోవచ్చు.

ఒక్కో పరీక్షకు 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. 100 నుంచి 900 వరకు ఉండే స్కేలులో కోర్ 1కు 675, కోర్ 2కు 700 రావాలి. ఇది శాతం కాదు. చేసి చూపించాల్సిన ప్రశ్నలు సాధారణంగా మొదట్లోనే వస్తాయి. వాటికి గుర్తు పెట్టి ముందుకెళ్లి, చివర్లో తిరిగి రండి. చాలామందికి సమయం చాలనిది వాటి దగ్గరే. కోర్ 1లో 28 శాతం హార్డ్‌వేర్, నెట్‌వర్క్ లోపాలను కనిపెట్టి సరిచేయడం మీదే ఉంటుంది కాబట్టి పాత కంప్యూటర్ ఒకటి విప్పి బిగించిన అనుభవం ఇక్కడ బాగా అక్కరకొస్తుంది.

పాసైందీ లేనిదీ పరీక్ష ముగిశాక తెరమీదే తెలుస్తుంది. తప్పితే రెండోసారి రాయడానికి ఆగాల్సిన గడువేమీ లేదు. మూడోసారికి మాత్రం 14 రోజులు ఆగాలి. ప్రతిసారీ పూర్తి ఫీజే. స్కోరు రిపోర్టులో తప్పిన అంశాలు రాసి ఉంటాయి, వాటిని చదవకుండా మళ్లీ తేదీ తీసుకోకండి.

సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. ఆలోపు 20 కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్లు (చదువు కొనసాగించినందుకు ఇచ్చే పాయింట్లు) సంపాదించి పొడిగించుకోవచ్చు. అంతకంటే కాంప్‌టియావే తర్వాతి మెట్టు పరీక్షలైన నెట్‌వర్క్ ప్లస్ లేదా సెక్యూరిటీ ప్లస్ పాసవడం నయం. ఏ ప్లస్ గడువూ పెరుగుతుంది, పై ఉద్యోగానికి అర్హతా చేతికొస్తుంది.