పాత ఆఫీసు డెస్క్‌టాప్‌తో గేమింగ్ కంప్యూటర్: సమస్య - పరిష్కారం

కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలించుకున్న డెస్క్‌టాప్‌లు ఆరో తరం నుంచి ఎనిమిదో తరం దాకా ఇంటెల్ కోర్ ఐ5 ప్రాసెసర్లతో, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల చవకగా దొరుకుతాయి. అలాంటి ఒకదానికి గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే ఆటలు ఆడుకోవచ్చన్న మాట చాలావరకు నిజమే. అయితే కార్డు పెట్టాక ఇబ్బంది ఎదురైనప్పుడు, లోపం ఎక్కడుందో తేల్చుకోకుండా మరో విడిభాగం కొనేవారే ఎక్కువ. అందువల్ల ప్రతి సమస్యకూ పైసా ఖర్చు లేని పరీక్షను ముందు చెప్పి, డబ్బు పెట్టవలసిన పరిష్కారాన్ని ఆ తర్వాతే చెబుతున్నాను.

కొత్త కార్డు పెట్టినా ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే చిత్రాల సంఖ్య) పెరగలేదు

ముందుగా క్యాబినెట్ వెనక్కి వెళ్లి మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చి ఉందో చూడాలి. అది మదర్‌బోర్డు పోర్టులోనే ఉండిపోతే ఆట పాత ఇంటెల్ గ్రాఫిక్స్‌తోనే నడుస్తూ ఉండవచ్చు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నేనూ ఒక సాయంత్రమంతా డ్రైవర్లు తీసి మళ్లీ వేసుకున్న తర్వాతే ఈ సంగతి గమనించాను. ఎఫ్‌పీఎస్ సరిగ్గా 60 దగ్గర కదలకుండా నిలిచిపోతే అది లోపం కాదు, ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసే వీ-సింక్ ఆన్‌లో ఉండి ఉంటుంది.

కేబుల్ సరిగానే ఉంటే టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి, ఎన్ని స్లాట్లు నిండాయో చూడాలి. ఆఫీసు డెస్క్‌టాప్‌లు చాలావరకు ఒకే ర్యామ్ స్టిక్‌తో వస్తాయి. అప్పుడు మెమరీ ఒకే ఛానల్‌లో నడుస్తుంది కనుక ప్రాసెసర్‌కు డేటా అందే దారి సగానికి సగం ఇరుకవుతుంది. 8 జీబీ స్టిక్ ఒకటే ఉన్నచోట అలాంటిదే మరొకటి చేర్చితే మొత్తం 16 జీబీ అవుతుంది, రెండు ఛానళ్లూ పనిచేస్తాయి. ఈ మొత్తం పనిలో పెట్టిన రూపాయికి ఇంత ఫలితమిచ్చే ఖర్చు మరొకటి లేదని నా అభిప్రాయం. కొనేముందు ర్యామ్ రకాలైన డీడీఆర్3, డీడీఆర్4లలో ఏది పడుతుందో మాత్రం నిర్ధారించుకోవాలి, ఎందుకంటే ఒకదాని స్లాట్‌లో మరొకటి కూర్చోదు.

అప్పటికీ మార్పు లేకపోతే ఆటలో రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద ఉన్నట్టు. ఏమాత్రం పెరగకపోతే ప్రాసెసరే వెనకబడుతోందని అర్థం కనుక, ఇంకా పెద్ద కార్డు కొన్నా అది ఖాళీగా కూర్చుంటుంది. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్‌లు మాత్రమే ఉన్న ఐ5-6500 వంటివి ఇప్పటి పెద్ద ఆటల్లో ఇక్కడే చేతులెత్తేస్తాయి.

ఆట మధ్యలో కంప్యూటర్ ఒక్కసారిగా ఆరిపోతోంది లేదా రీస్టార్ట్ అవుతోంది

నీలి తెర గానీ హెచ్చరిక గానీ లేకుండా, బరువైన ఆటలోనే ఇలా జరుగుతుంటే మొదట అనుమానించవలసింది కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెను, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను. చిన్న క్యాబినెట్ డెస్క్‌టాప్‌లలో ఇది సాధారణంగా 180 నుంచి 260 వాట్ల మధ్య ఉంటుంది, కార్డుకు విడిగా కరెంటు అందించే కేబుల్ అసలే ఉండదు. కార్డు కూర్చునే పీసీఐఈ స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లు. ఆరు పిన్నుల కేబుల్ మరో 75, ఎనిమిది పిన్నులది 150 వాట్లు ఇస్తాయి. హార్డ్‌డిస్క్‌కు కరెంటిచ్చే సాటా కేబుల్ నుంచి ఎనిమిది పిన్నులకు మార్చే చవక అడాప్టర్‌తో ఈ కొరత తీర్చుకోవచ్చని కొందరు దుకాణదారులు చెబుతారు. ఆ సలహా వినవద్దు, ఆ సన్నని పిన్నులు కరిగిపోయే ప్రమాదముంది.

అలాగని ఎస్‌ఎంపీఎస్ మార్చేయడమూ తేలిక కాదు. బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో చాలావాటికి మామూలు 24 పిన్నుల కనెక్టర్ ఉండదు, పెట్టె కొలత కూడా వేరుగా ఉంటుంది. అందుకే ఇలాంటి క్యాబినెట్‌కు స్లాట్ కరెంటుతోనే నడిచే కార్డును ఎంచుకోవడమే తెలివైన పని. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 కార్డు 70 వాట్లతో నడుస్తుంది, పొట్టి క్యాబినెట్లకు సరిపోయే లో ప్రొఫైల్ రకాలూ ఉన్నాయి. అదే పేరుతో ఉన్న 8 జీబీ కార్డుకు 130 వాట్లు కావాలి కనుక పేరొక్కటే చెప్పి కార్డు అడగవద్దు. ఆర్‌ఎక్స్ 6400 అనే మరో కార్డు కరెంటు తక్కువే తీసుకుంటుంది, కానీ అది నాలుగు పీసీఐఈ లేన్లనే (డేటా దారులనే) వాడుకుంటుంది. ఈ పాత బోర్డులన్నీ మూడో తరం పీసీఐఈవి కావడంతో, ఆ కార్డులోని 4 జీబీ మెమరీ నిండినప్పుడల్లా ఆట తడబడుతుంది.

కరెంటు పోయి యూపీఎస్ మీదికి మారిన క్షణంలోనే కంప్యూటర్ ఆరిపోతుంటే సంగతి వేరు. మన ఇళ్లలో కనిపించే 600 వీఏ యూపీఎస్‌లు సుమారు 360 వాట్లే మోయగలవు, ఆట నడుస్తుండగా మానిటర్‌తో కలిపి ఆ భారం దాటిపోవచ్చు.

ఆట సాఫీగా నడుస్తూ ఉండి ఉండి తడబడుతోంది

కొత్త ప్రదేశంలోకి అడుగుపెట్టినప్పుడే ఆగుతుంటే ఆట పాత హార్డ్‌డిస్క్‌లో ఉందన్నమాట. దాన్ని సాటా ఎస్‌ఎస్‌డీలోకి మార్చితే చాలు. అరగంట ఆడాక మొదలైతే వేడి కారణం. పాత థర్మల్ పేస్టు తీసి కొత్తది పూసి, దుమ్ము దులపాలి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది వేడి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది కనుక, చలికాలంలో లేని ఈ తడబాటు ఎండాకాలంలో బయటపడటంలో వింత లేదు.

ప్రాసెసర్ మార్చాక తెర మీద ఏమీ రావడం లేదు

ఇక్కడ మోసపోయేది సాకెట్ (బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు చూసి కొన్నవారు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లన్నిటి సాకెట్‌కూ ఎల్‌జీఏ 1151 అనే పేరు. అయినా ఆరో తరం బోర్డులో ఎనిమిదో తరం చిప్ పనిచేయదు. ఆ బోర్డుకు ఐ7-7700 దాకానే దారి ఉంది, దానికీ బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ కావలసి రావచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో ఆ చిప్‌కు ఎక్కువ ధర చెప్తే మొత్తం పెట్టెను అమ్మేసి, ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్‌తోనో ఏఎండీ రైజెన్ 5 5600తోనో కొత్తగా మొదలుపెట్టడం మేలని నేను చెబుతాను. పాత తరంతో మరో చిక్కు కూడా ఉంది: విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కోరేది సాధారణంగా ఎనిమిదో తరం, ఆపైన. వాలరెంట్ అనే ఆట అయితే విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లు లేకుండా మొదలే కాదు. రైజెన్ 5 5600ను పాత బీ450 బోర్డులో పెట్టేవారు, పాత ప్రాసెసర్ ఇంకా బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి.

సెకండ్‌హ్యాండ్ కార్డు చెప్పిన వేగం ఇవ్వడం లేదు

పాత చిప్ ఉన్న కార్డులో దాని సొంత బయోస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మిన కార్డులు ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ అలాంటి వాటిలో చాలావాటిని నకిలీగా గుర్తించి చూపుతుంది. ఆర్‌ఎక్స్ 580 కొంటుంటే అదే ప్రోగ్రామ్‌లో షేడర్ల (కార్డులో బొమ్మలు గీసే చిన్న యూనిట్ల) సంఖ్య చూడాలి. 2304 ఉంటే అసలు కార్డు, 2048 ఉంటే అదే పేరుతో వచ్చిన తక్కువ రకం, దాని ధరా తక్కువే కావాలి. డబ్బు ఇచ్చేముందు అమ్మేవారి కంప్యూటర్ మీదే పదిహేను నిమిషాలు బరువైన ఆట ఆడి, ఫ్యాన్ చప్పుడు విని, తెర మీద చుక్కలు గానీ గీతలు గానీ రాకుండా ఉన్నాయా అని గమనించండి. అందుకు ఒప్పుకోని వారి దగ్గర కొనకండి.