చిన్న వ్యాపారానికి అప్పు – మూడో పాఠం: నోటితో చెప్పే వడ్డీ, చేతి నుంచి పోయే వడ్డీ

పోయిన పాఠంలో ఇంటి రాబడి, ఖర్చుల పట్టిక వేశాం. దాన్ని దగ్గర పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. ఈసారి నేర్చుకునేది ఒక్కటే: ఎవరైనా అప్పిస్తామన్నప్పుడు ఏడాదికి నిజంగా ఎంత వడ్డీ పడుతుందో కాగితం మీద తేల్చుకోవడం. ఫోన్‌లో ఉన్న క్యాలిక్యులేటర్ చాలు.

మన ఊళ్లలో వడ్డీ రూపాయల్లో మాట్లాడతాం. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. రూపాయి వడ్డీకి తీసుకుని ఏడాది తిరిగాక అసలూ వడ్డీ ఒకేసారి కడితే అది నిజంగా 12 శాతమే. చిక్కంతా నెలనెలా కట్టే కిస్తీల దగ్గర వస్తుంది.

గుంటూరు వైపు ఇంట్లోనే కారం పట్టి ప్యాకెట్లలో అమ్మే ఒకామెనే చూద్దాం. ఫిబ్రవరి, మార్చిలో మిర్చి యార్డుకు కొత్త కాయ బాగా దిగుతుంది. ఏడాదికి సరిపడా సరుకు అప్పుడే కొనుక్కోవాలి. అందుకు 60,000 కావాలి. ఫైనాన్స్ మనిషి వచ్చి “రూపాయి వడ్డీయేనమ్మా, 12 కిస్తీలు” అన్నాడనుకోండి. వడ్డీ 7,200, మొత్తం 67,200, నెలకు 5,600. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు.

ఇప్పుడు ఆ 60,000 ఆమె దగ్గర ఎన్నాళ్లు ఉందో చూడండి. మొదటి నెలంతా ఉంది. ఒక కిస్తీ కట్టగానే అసలులో 5,000 పోయి 55,000 మిగిలింది. ఆ తర్వాత 50,000, 45,000... ఆఖరి నెలలో ఆమె వాడుకుంటున్నది 5,000 మాత్రమే. ఈ పన్నెండు అంకెలూ కూడి 12తో భాగిస్తే 32,500. అంటే సగటున ఆమె వాడుకున్న అసలు 32,500, వడ్డీ మాత్రం 60,000 మీద కట్టింది. 7,200ను 32,500తో భాగించి వందతో గుణించండి: 22 శాతం పైచిలుకు. బ్యాంకుల పద్ధతిలో పక్కాగా లెక్కేస్తే 21.5 దగ్గర వస్తుంది. కాస్త తేడా ఉన్నా, ఏ అప్పు ఖరీదో తేల్చుకోవడానికి మన లెక్క సరిపోతుంది.

అదే 12 శాతం వడ్డీని ఒక బ్యాంకు తగ్గే బాకీ మీద వేస్తే కిస్తీ 5,331 దగ్గర ఉంటుంది, ఏడాది వడ్డీ 4,000 లోపే. ఇద్దరూ చెప్పింది 12 శాతమే, తేడా మాత్రం 3,200 పైన.

ఇంకా ఉంది. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అంటూ 1,500 ముందే పట్టుకుని 58,500 చేతిలో పెట్టారనుకోండి. ఆ 1,500 కూడా వడ్డీ కిందే లెక్క. 8,700ను 32,500తో భాగిస్తే 26.8 శాతం. రూపాయి వడ్డీ కాస్తా రెండు రూపాయలు దాటింది!

ఈ లెక్క మీకు రాకపోయినా చూపించాల్సిన బాధ్యత అప్పిచ్చేవాళ్లదే. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ రుణాలకూ (మామూలు వ్యక్తులు తీసుకునేవి), చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకూ (గడువు పెట్టి ఇచ్చేవి) ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’, అంటే అప్పు ముఖ్య వివరాల కాగితం, ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అదీ తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అనే అంకె కోసం చూడండి. ఫీజు, ఇన్సూరెన్స్ కలుపుకుని పడే ఏడాది ఖర్చు అదే. సంతకం పెట్టే ముందు అడగండి, మొహమాటం వద్దు.

డ్వాక్రా సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం సాధారణంగా వీటన్నిటికంటే చవక. వడ్డీ తిరిగి ఇచ్చే పథకం ఉంటే మంచిదే, కానీ ఆ డబ్బు ఖాతాలో పడేదాకా లెక్కలో వేసుకోవద్దు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద గడువులోగా కడితే 4 శాతమే పడే రుణం పంటకు, పాడికి, చేపలకు. కారం వ్యాపారానికి కాదు.

ఇప్పుడు మొదట పక్కన పెట్టిన పట్టిక తీయండి. సంఘం, బంగారం, ఫైనాన్స్ అన్నీ కలిపి నెలకు కిస్తీల కింద ఎంత పోతోందో రాయండి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి మైక్రోఫైనాన్స్ (తాకట్టు లేని చిన్న అప్పు) ఇచ్చేటప్పుడు మొత్తం కిస్తీలు నెల రాబడిలో సగం దాటకూడదని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన. నన్నడిగితే చిన్న వ్యాపారికి సగం కూడా ఎక్కువే, సరుకు అమ్ముడుపోని నెల ఒకటి తప్పకుండా వస్తుంది. ఒకరి కిస్తీకి ఇంకొకరి దగ్గర తెచ్చి కట్టే వరుస మొదలైతే ఏమవుతుందో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. ఆ అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది.

అభ్యాసం: అప్పు 40,000. ముందే పట్టుకున్నది 800. నెలకు 3,700 చొప్పున 12 కిస్తీలు. సగటు అసలు కోసం 40,000ను 13తో గుణించి 24తో భాగించండి, పైన వరస కూడికతో చేసిన పనికి ఇదే దగ్గరి దారి. జవాబు 24 శాతం రావాలి. రాకపోతే 800 కలపడం మర్చిపోయారేమో చూసుకోండి.

వచ్చే పాఠం సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా గురించి. వాడుకున్నన్ని రోజులకే, వాడుకున్న మొత్తం మీదే వడ్డీ పడేది, మిర్చి సీజన్‌లో తీసి అమ్మకాలు వచ్చినకొద్దీ కట్టేసేది. దానికి బ్యాంకు అడిగే స్టాకు స్టేట్‌మెంట్ (చేతిలో ఉన్న సరుకు లెక్క) ఎలా రాయాలో చూద్దాం.