ఇండీ రాక్‌కి చెవి అలవాటు చేసుకోవడం: ఆరు ఆల్బంలు, ఏ వరసలో, ఎలా

ఇండీ రాక్ అంటే చిన్న, స్వతంత్ర రికార్డు కంపెనీల (లేబుళ్ల) దగ్గర పెరిగిన గిటార్ సంగీతం. దాన్ని కొత్తగా వినే తెలుగువాళ్లకి ముందుగా అడ్డం పడేది ఇంగ్లీషు కాదు, మిక్సింగ్, అంటే గొంతునీ వాయిద్యాల్నీ ఏది ముందు ఏది వెనక అని కలిపే తీరు. మన సినిమా పాటలో గొంతు అన్నిటికన్నా ముందుంటుంది, వాయిద్యాలు దానికి దారి వదులుతాయి. పల్లవి ఎప్పుడు తిరిగొస్తుందో చెవికి ముందే తెలిసిపోతుంది. ఇక్కడ గొంతు గిటార్ల మధ్య ఉంటుంది, ఒక్కోసారి వాటి వెనక్కి కూడా పోతుంది. పల్లవి రావచ్చు, రాకపోవచ్చు. దాంతో చాలామంది మూడో పాటకే ‘రికార్డింగ్ బాలేదు’ అని ఆపేస్తారు. నిజానికి చాలా చోట్ల అది లోపం కాదు, కావాలని చేసిన పని. చిన్న లేబుళ్ల దగ్గర డబ్బు తక్కువ, పెత్తనం కూడా తక్కువ. పాట ఎలా వినపడాలో బ్యాండే తేల్చుకునేది. కాబట్టి మార్చుకోవాల్సింది మనం చెవి పెట్టే చోటు.

ముందు ఫోన్ సంగతి చూడండి. స్ట్రీమింగ్ యాప్ సెట్టింగ్స్‌లో షఫుల్ (పాటల వరస మార్చేసేది), క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసేది) రెండూ ఆపేయండి, గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్ చేయండి. ఆడియో క్వాలిటీని ‘ఆటోమేటిక్’ మీద వదలొద్దు. సిగ్నల్ తగ్గగానే అది 96 కేబీపీఎస్‌కో (సెకనుకి వచ్చే డేటా లెక్క) ఇంకా కిందకో జారిపోతుంది. గిటార్ రొద దట్టంగా ఉన్న పాటల్ని అంత కుదించితే నీళ్లలోంచి వస్తున్నట్టు బుడబుడమంటాయి. 320 కేబీపీఎస్ పెట్టి, వైఫైలో ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. వాల్యూం లెవెల్ అనే ఆప్షన్ ఉంటే ‘లౌడ్’ వద్దు, అది లిమిటర్ వేసి పెద్ద దెబ్బల్ని చదును చేస్తుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నప్పటి నుంచీ డాల్బీ అట్మాస్ అనే సౌండ్ ఎఫెక్ట్ ఆన్‌లోనే ఉంటుంది, దాన్నీ బేస్ బూస్ట్‌నీ ఆపండి. ఫోన్ స్పీకర్‌తో ఈ సంగీతం వినొద్దు. కింది స్వరాలు దానిలో పలకవు, బేస్ గిటార్ మొత్తం మాయమవుతుంది. ఖరీదైనవి అక్కర్లేదు, మామూలు వైర్డ్ ఇయర్‌ఫోన్స్ చాలు.

ఒక్కో ఆల్బంని మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో వినండి. మొదటిసారి డ్రమ్స్, బేస్ మాత్రమే పట్టుకోండి, గొంతుని పట్టించుకోకండి. రెండోసారి గిటార్లు: ఎడమ చెవిలో ఏముంది, కుడి చెవిలో ఏముంది? మూడోసారి సాహిత్యం తెరమీద పెట్టుకోండి. ఈ వరస తిరగేస్తేనే పని చెడుతుంది. ముందే సాహిత్యం చదివితే చెవి మాటల వెంట పోతుంది, పాట నడకని వదిలేస్తుంది. పైగా ఈ సాహిత్యంలో సగం అర్థం కోసం కాక శబ్దం కోసం రాసింది.

మొదటి ఆల్బం పిక్సీస్ వాళ్ల ‘డూలిటిల్’. బోస్టన్ బ్యాండ్, 1989, 4ఏడీ లేబుల్. 15 పాటలు, మొత్తం 39 నిమిషాల లోపే. దీన్నే ముందు పెట్టడానికి కారణం ఉంది: దీని నిర్మాణం చెవికి వెంటనే దొరుకుతుంది. చరణంలో బేస్, డ్రమ్స్, గుసగుస. తర్వాత ఒక్కసారిగా గిటార్లు, కేక. రెండో పాట ‘టేమ్’ రెండు నిమిషాలు కూడా ఉండదు, ఆ మెళకువంతా అందులోనే ఉంది. ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ రాసేటప్పుడు తాను పిక్సీస్‌నే అనుకరించబోయానని నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ స్వయంగా ఒప్పుకున్నాడు. మొదటి పాట ‘డిబేసర్’లో బేస్ ఒంటరిగా మొదలవుతుంది. అది వినపడేలా వాల్యూం పెట్టుకోండి, ఆల్బం అయ్యేవరకు ముట్టుకోకండి. మెల్లని చోట పెంచి, గట్టి చోట తగ్గిస్తే ఈ బ్యాండ్ చేసిన పనంతా మీరే చెరిపేసినట్టు. అందరూ మెచ్చే ‘హియర్ కమ్స్ యువర్ మ్యాన్’ కన్నా చివరి పాట ‘గౌజ్ అవే’ చాలా గొప్పదని నా పక్కా అభిప్రాయం. తొందరపడని ఆ బేస్ నడక వింటే మీకే తెలుస్తుంది.

రెండోది పేవ్‌మెంట్ ‘స్లాంటెడ్ అండ్ ఎన్‌చాంటెడ్’, 1992, మాటడార్ లేబుల్. కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో, డ్రమ్మర్ గ్యారీ యంగ్ సొంత ఇంటి స్టూడియోలో చేసింది. ఇక్కడ తేడా కొట్టేది శ్రుతి. గాయకుడు స్టీఫెన్ మాల్క్‌మస్ స్వరం మీద నిలబడి పాడడు, దాని పక్కనుంచి జారిపోతాడు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న చెవికి ఇది ముల్లులా గుచ్చుకుంటుంది. మందు ఏంటంటే, గొంతుని కాసేపు పక్కనపెట్టి గిటార్ పాడుతున్న రాగాన్ని పట్టుకోవడం. ‘ట్రిగ్గర్ కట్’లో, ‘ఇన్ ద మౌత్ ఎ డెజర్ట్’లో అసలు పాట గిటార్లోనే ఉంది. తొమ్మిదో పాట ‘హియర్’ దగ్గరికి వచ్చేసరికి వేగం పడిపోతుంది, గొంతు మొదటిసారి దగ్గరగా వస్తుంది. అక్కడ కూడా ఏమీ తగలకపోతే ఈ బ్యాండ్‌ని ఆరు నెలలు వదిలేయండి. యాప్‌లో ఎక్కువగా కనపడేది అదనపు పాటలు కలిపిన పెద్ద ఎడిషన్. 14వ పాట ‘అవర్ సింగర్’తో ఆపేయండి. దాని తర్వాత వచ్చేవి అసలు ఆల్బంలోవి కావు, అన్నీ కలిపి వింటే ఆల్బం ఆకారమే తెలియదు.

ఈ రెండింటి తర్వాత చెవికి కాస్త విశ్రాంతి కావాలి. గాయకుడు ఎలియట్ స్మిత్ ‘ఐదర్/ఆర్’ (1997) అందుకు సరైనది. వాయిద్యాలన్నీ దాదాపు తనే వాయించాడు. ఒకే వరసని రెండుసార్లు పాడి, రెండు టేకుల్నీ ఒకదాని మీద ఒకటి పరచడం అతని పద్ధతి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట చివర్ల మీద దృష్టి పెట్టండి. ‘స’ కారాలు వెంట్రుకవాసి తేడాతో రెండుసార్లు పడతాయి. గొంతు అంత మెత్తగా ఉన్నా గదంతా నిండినట్టు అనిపించేది అందుకే. ఇది రాత్రి పూట, తక్కువ వాల్యూంలో వినాల్సిన ఆల్బం. బస్సులో వింటే ఇంజిన్ చప్పుడు కింద సగం కొట్టుకుపోతుంది.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ప్రాణమైనది, యో లా టెంగో ‘ఐ కెన్ హియర్ ద హార్ట్ బీటింగ్ ఆజ్ వన్’, 1997. 16 పాటలు, 68 నిమిషాలు. ఒకేసారి కూర్చుని మొత్తం వినాలని పట్టుబట్టకండి. పదో పాట ‘గ్రీన్ ఆరో’, కీచురాళ్ల చప్పుడుతో సాగే మాటల్లేని పాట, సహజమైన మజిలీ. అక్కడ ఆపి మిగతాది మర్నాడు వినండి. ఎనిమిదో పాట ‘ఆటమ్ స్వెటర్’లో గిటారే లేదు. డ్రమ్స్, ఆర్గన్, దాదాపు చెవిలో చెప్పినట్టుండే గొంతు, అంతే. గిటార్ బ్యాండ్ గిటార్ తీసేసినా పాట నిలబడుతుందని ఇంతకన్నా బాగా చూపించిన పాట నాకు తెలియదు. పది నిమిషాలు దాటే ‘స్పెక్ బీబాప్’ మొదటిసారి విసిగిస్తుంది. దాటేయండి, తప్పేం లేదు. మూడోసారి మాత్రం దాటొద్దు.

గైడెడ్ బై వాయిసెస్ ‘బీ థౌజండ్’ (1994) ఐదోది. ఒహాయోలోని డేటన్ ఊరు. బ్యాండ్ నడిపిన రాబర్ట్ పోలార్డ్ అంతకుముందు వృత్తిరీత్యా బడిపంతులు. ఇంట్లో ఫోర్‌ట్రాక్ (నాలుగు శబ్దాల్ని విడివిడిగా పట్టే టేపు రికార్డర్) లాంటి చవక యంత్రాల మీద చేసిన 20 పాటలు, సుమారు 36 నిమిషాలు. టేపు బుస మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. మొదటి పాట ‘హార్డ్‌కోర్ యూఎఫ్ఓస్’ మధ్యలో గిటార్ కాసేపు మాయమై మళ్లీ వస్తుంది. మీ ఇయర్‌ఫోన్ వైరు లూజైందనుకుని కదిలించకండి, రికార్డింగే అంత. పాట ఎక్కకముందే అయిపోయిందనిపిస్తే అది మామూలే. ఇక్కడ పాట అంటే ఒక్క మంచి వరస. అది అయిపోగానే తర్వాతది. వెనక్కి తిప్పి వింటూ కూర్చుంటే ఆ ఊపు పోతుంది. ముందు 20 పాటలూ ఆపకుండా పోనిచ్చి, తర్వాత ‘ఐ యామ్ ఎ సైంటిస్ట్’, ‘ఎకోస్ మైరన్’ రెండూ విడిగా వినండి.

ఆఖరున మై బ్లడీ వాలెంటైన్ ‘లవ్‌లెస్’, 1991, క్రియేషన్ లేబుల్. అన్ని జాబితాల్లోనూ పైన ఉంటుంది కాబట్టి అందరూ దీనితోనే మొదలుపెట్టి బెదిరిపోతారు. సుమారు రెండేళ్లు, 19 స్టూడియోలు తిరిగి చేసిన ఆల్బం. ఇందులో గిటార్ల శ్రుతి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగిసలాటంతా ఎఫెక్ట్ పెడళ్ల (గిటార్ శబ్దాన్ని మార్చే కాలిమీటల) మహిమ అనుకుంటారు కానీ, బ్యాండ్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ గిటార్ ట్రెమొలో కడ్డీని (తీగల బిగువు మార్చే కడ్డీని) చేత్తో పట్టుకునే తీగల్ని మీటుతాడు. మీటిన ప్రతిసారీ శ్రుతి కాస్త కిందకి వంగి తిరిగొస్తుంది. అది తెలిసి వింటే రొద కాస్తా గమకంలా వినపడటం మొదలవుతుంది. నేరుగా మొదటి పాటలోకి దూకకుండా ముందు ఐదోది ‘వెన్ యు స్లీప్’ రెండుసార్లు వినండి, దానిలో రాగం పైకే తేలి ఉంటుంది. తర్వాత ఎనిమిదోది ‘సమ్‌టైమ్స్’. డ్రమ్స్ లేవు, మందపాటి రొద కింద అకౌస్టిక్ గిటార్ ఒకటి కదులుతుంటుంది, దాన్ని వెతికి పట్టుకోండి. అది దొరికాక మొదటి పాట నుంచి 11 పాటలూ, దాదాపు 49 నిమిషాలు, ఆపకుండా పెట్టండి. పాటల మధ్య చిన్న చిన్న ముక్కలు ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పారుతుంటాయి, గ్యాప్‌లెస్ ఆన్ చేయమన్నది ముఖ్యంగా దీనికోసమే. మాటలు వినపడటం లేదని వాల్యూం పెంచొద్దు. ఎంత పెంచినా గొంతు ముందుకు రాదు, గిటార్లూ దానితోపాటే పెరుగుతాయి, చెవులు నొప్పెట్టడమే మిగులుతుంది. ఈ బ్యాండ్ కచేరీల్లో ప్రేక్షకులకి ఇయర్‌ప్లగ్స్ పంచుతారు. పక్కన మనిషి మామూలుగా మాట్లాడితే మీకు వినపడాలి, వాల్యూంకి అదే హద్దు.